ఎంబీఏ కోసం బీకామా, బీబీఏనా?

బీకామ్ తీసుకోవాలా, బీబీఏనా అని అడిగావు కానీ, ఎంబీఏకి బీబీఏనే ఉండాలేమో అన్న అనుమానం దగ్గరే నువ్వు ఆగిపోయావు తమ్ముడూ. ఐఐఎంల లాంటి పెద్ద మేనేజ్‌మెంట్ సంస్థల ప్రవేశ పరీక్ష క్యాట్‌కైనా, తెలంగాణ ఎంబీఏ కాలేజీల ప్రవేశ పరీక్ష ఐసెట్‌కైనా ఏ డిగ్రీ అయినా సరే, అందులో 50 శాతం మార్కులు చాలు, ఎస్సీ, ఎస్టీలకు 45.

1. దోస్త్‌లో (తెలంగాణ డిగ్రీ అడ్మిషన్ల వెబ్‌సైట్‌లో) ఆప్షన్లు పెట్టేముందు ఇంటర్ మెమో తీసి, నీకు మార్కులొచ్చే సబ్జెక్టులేవో చూడు.

2. అందరూ వదిలేసేది ఇదే: చాలా ఐఐఎంలు ఇంటర్వ్యూకి పిలిచేటప్పుడు పదో తరగతి, ఇంటర్, డిగ్రీ మార్కులు కూడా లెక్కేస్తాయి. పక్కోడు చేరాడని నేను హన్మకొండలో బీఎస్సీలో చేరి, కెమిస్ట్రీలో రెండు బ్యాక్‌లాగులు పెట్టుకున్నా, ఇప్పుడు క్యాట్‌లో పర్సెంటైల్ ఎంత తెచ్చినా ఆ మెమో మారదు కదా. బీకామ్‌లో 75 తెచ్చుకోగలిగితే అదే పెట్టు.

3. లెక్కలు మాత్రం తప్పవు. ఐసెట్‌లో 200 ప్రశ్నల్లో 75 అవే. పాత పదో తరగతి పుస్తకం అమ్మేయకు.