కెమెరా వెనక దోస్తు, చుట్టూ రాలే ఆకులు

ప్రశ్న: అన్నా, మాఘమాసంలో పాకాల అడవికి పోయినం. మా దోస్తు టేకు చెట్లను ఫొటోలు తీస్తుంటే నేను వాడిని తీశాను. ముఖం నల్లగా, పండుటాకుల రంగేమో వెలిసిపోయినట్టు వచ్చింది. ఎందుకు?
– ఒక పాఠకుడు, నర్సంపేట

జవాబు: తమ్ముడూ, ఆకులు రాలిన అడవిలో కొమ్మల సందుల్లోంచి ఆకాశం తెల్లగా వెలుగుతుంది, కెమెరా ఆ వెలుగునే లెక్కలోకి తీసుకుని మనిషిని చీకటి చేస్తుంది. నువ్వు నాలుగడుగులు పక్కకు జరిగి, వాడి వెనక ఆకాశం బదులు టేకు మానులు వచ్చేట్టు చూసుకో. రంగు పోవడానికి కారణం చాలాసార్లు ఆటో వైట్ బ్యాలెన్సే, అంటే కెమెరా తనంతట తానే రంగులు సరిచేసే సెట్టింగు, అది ఆ పసుపుదనాన్ని తగ్గించేస్తుంది, దాన్ని డేలైట్‌లో పెట్టు. ఆకుల మీది తళుకును లెన్స్ ముందు తగిలించే పోలరైజర్ ఫిల్టర్ తగ్గిస్తుంది.

ఇక అసలు సంగతి. కెమెరా కంటికి ఆనించినప్పుడు ముఖం సగం దాక్కుంటుంది కాబట్టి ఫోకస్ చేతుల మీద పెట్టు, లెన్స్ రింగ్ తిప్పే వేళ్లు, భుజం మీద వాలిన ఒక ఎండుటాకు, నాకైతే అవే ఇష్టం. ఫొటో తీశాక వాడు కెమెరా దించి స్క్రీన్ చూసుకుంటాడు చూడు, ఆ రెండు సెకన్లు వదలకు. పిలవకు మాత్రం, పిలిస్తే పోజు పెడతాడు.