ముట్లు ఆగాక రక్తం కనిపిస్తోంది, వెంటనే గర్భసంచి తీసేయాలంటున్నారు, ఏం చేయాలి?

మీ అమ్మగారికి ముట్లు ఆగి మూడేళ్లయింది, ఇప్పుడు మళ్లీ రక్తం కనబడుతోంది, స్కానింగ్‌లో గడ్డ ఉందని చెప్పి ఈ వారమే గర్భసంచి తీసేద్దాం, లేకపోతే క్యాన్సర్ అవుతుందన్నారని రాశారు. ముందు బయాప్సీ, అంటే చిన్న ముక్క తీసి ల్యాబ్‌లో చూసే పరీక్ష, చేయించండి, అది లేకుండా ఆపరేషన్‌కి సంతకం పెట్టకండి. అలాగని ఆలస్యం కూడా చేయకండి, ముట్లు ఆగాక ఒక్క చుక్క కనిపించినా చూపించుకోవాల్సిందే.

మా అత్తయ్యకీ అచ్చం ఇలాగే చెప్పారు. ఊళ్లో నర్సింగ్ హోంలో పొట్ట మీద స్కానింగ్ చేసి, ఫైబ్రాయిడ్ (గర్భసంచిలో పెరిగే మామూలు గడ్డ) ఉంది, తీసేద్దామన్నారు. లోపల పరికరం పెట్టి చూసింది లేదు. మా ఆడపడుచు పట్టుబట్టి హైదరాబాద్ తీసుకొచ్చింది. ఇక్కడ డాక్టరమ్మ స్పెక్యులమ్ పెట్టి చూస్తే గర్భసంచి ముఖద్వారం దగ్గర, తాకితే చాలు రక్తం వచ్చే పుండులాంటి గడ్డ కనిపించింది, అక్కడికక్కడే చిన్న ముక్క తీసి ల్యాబ్‌కి పంపారు. క్యాన్సర్ అని తేలింది. ఎంఆర్‌ఐ చూసి, పక్క కణజాలంలోకి పాకింది, 2బి స్టేజి అన్నారు. ఆ స్టేజికి ముఖ్యమైన వైద్యం ఆపరేషన్ కాదు, కరెంటు పెట్టడం, అంటే రేడియేషన్, దాంతోపాటు వారానికోసారి సిస్‌ప్లాటిన్ కీమో. తెలియకుండా మామూలుగా గర్భసంచి తీసేసి ఉంటే జబ్బు చుట్టూ మిగిలిపోయేది, ఆ తర్వాత వైద్యం ఇంకా కష్టమయ్యేది.

బయటి నుంచి రేడియేషన్ సాధారణంగా వారానికి అయిదు రోజుల చొప్పున అయిదు వారాలు ఉంటుంది. పొట్ట మీద గీసిన గుర్తులు చెరిగిపోకుండా స్నానం చేయాలి, నీళ్లు తాగి మూత్రం నిండాక లోపలికి పిలుస్తారు. సగం దాటేసరికి అత్తయ్యకు విరేచనాలు, మూత్రంలో మంట మొదలయ్యాయి, పెరుగన్నం తప్ప ఏదీ సహించేది కాదు. చివర్లో లోపలి నుంచి ఇచ్చే రేడియేషన్ ఉంటుంది, బ్రాకీథెరపీ అంటారు, భయపడి దాన్ని మాత్రం మానేయకండి, గడ్డకు దగ్గరగా పెద్ద డోసు అందేది దానితోనే.

మీ అమ్మగారి గడ్డ ముఖద్వారంలో కాక గర్భసంచి లోపలి పొరలో ఉంటే దారి వేరు. కింది నుంచి చేసే స్కానింగ్‌లో పొర మందం 4 మిల్లీమీటర్లు దాటితే అక్కడి నుంచి ముక్క తీసి చూస్తారు. మందం తక్కువే ఉన్నా రక్తం ఆగకపోతే మళ్లీ చూడాల్సిందే. అది క్యాన్సర్ అయితే చాలామందికి ఆపరేషనే మొదటి వైద్యం, గర్భసంచితోపాటు ట్యూబులు, అండాశయాలు కూడా తీస్తారు. ఫైబ్రాయిడ్ మాత్రం క్యాన్సర్ కాదు, ముట్లు ఆగాక మామూలుగా కుంచించుకుపోతుంది. ఆ వయసులో అది పెరుగుతోందంటే మాత్రం ఎందుకని డాక్టర్ని గట్టిగా అడగండి.

డబ్బు టెన్షన్ ఉంటే ఆరోగ్యశ్రీ కింద క్యాన్సర్ వైద్యం ఉంది, హైదరాబాద్‌లో రెడ్‌హిల్స్ దగ్గర ఎంఎన్‌జే ప్రభుత్వ క్యాన్సర్ ఆసుపత్రి ఉంది. వెళ్లేటప్పుడు స్కానింగ్ రిపోర్టు ఒక్కటే కాదు, బయాప్సీ అయ్యాక ఆ ముక్కను ఉంచిన గాజు స్లైడ్లు, మైనపు బ్లాకులు కూడా ల్యాబ్ నుంచి అడిగి తీసుకెళ్లండి, పెద్దాసుపత్రిలో వాటిని మళ్లీ చూస్తారు.