మూడు వారాలు గరగర విన్న పిల్లాడిని అక్కడి నుంచి లేపకండి

ప్రశ్న: మా అబ్బాయి ఈసీఈ మూడో సంవత్సరం. మూడు వారాలుగా రాత్రి రెండింటి దాకా ఏదో బోర్డు ముందు కూర్చుంటున్నాడు. హెడ్‌ఫోన్స్‌లో గరగర తప్ప ఏమీ రాదు. మా తోడల్లుడి కొడుకు వీఎల్ఎస్ఐ (చిప్పుల డిజైన్) కోర్సు చేసి బెంగళూరులో సెటిలయ్యాడు. వీణ్నీ చేర్పిద్దామంటే ఎంబెడెడ్ (పరికరాల్లోని చిప్పులకు ప్రోగ్రాం రాసే పని) అంటున్నాడు. ఫీజు లక్షన్నర, శనివారం లోపు అడ్వాన్స్ కట్టాలి. రెండూ పోల్చి చెప్పండి.
– ఒక తండ్రి, తెనాలి

(అడుగున అబ్బాయి రాసింది: "ఎస్‌టీఎం32 డిస్కవరీ బోర్డు సార్, దాని మీది సీఎస్43ఎల్22 ఆడియో చిప్. పాట లోపలెక్కడో లీలగా వినిపిస్తోంది, పైన అంతా గరగర. స్పీడు మాత్రం సరిగ్గానే ఉంది.")

జవాబు: ఇలాంటి ఉత్తరాలు నాకు చాలా వస్తాయి. పైకి "ఏది మంచిది" అని ఉంటుంది, లోపల ఉండేది "మా వాడు వెనకబడిపోతాడేమో" అన్న టెన్షన్. మీ వాడు వెనకబడలేదండీ. ఆ మాట ఎందుకంటున్నానో చెప్పాలంటే ఆ గరగర సంగతి చెప్పాలి.

బోర్డు మీద ప్రోగ్రాం నడిపే చిప్ కంట్రోలర్. అందులో పాట అంకెల రూపంలో ఉంటుంది. దాన్ని చెవికి వినిపించేలా మార్చేది ఆడియో చిప్. ఈ రెండింటి మధ్య దారి ఐ2ఎస్, 1986లో ఫిలిప్స్ కంపెనీ ఇచ్చిన పద్ధతి. మూడే వైర్లు: ఒక్కో బిట్‌కు తాళం వేసే బిట్ క్లాక్, ఎడమా కుడా అని చెప్పేది ఒకటి, డేటా ఒకటి. సెకనుకు 48,000 శాంపిళ్లు (శబ్దం కొలతలు), రెండు చానళ్లు, 16 బిట్లు అంటే బిట్ క్లాక్ సెకనుకు 15,36,000 సార్లు కొట్టుకుంటుంది. ఐ2ఎస్‌లో ఎడమ-కుడి వైరు మారాక ఒక క్లాక్ ఆగి మొదటి బిట్ వస్తుంది. లెఫ్ట్ జస్టిఫైడ్ అనే ఇంకో పద్ధతిలో ఆ ఆగడం ఉండదు. పంపేవాడు ఐ2ఎస్‌లో, అందుకునేవాడు లెఫ్ట్ జస్టిఫైడ్‌లో ఉంటే ముందు శాంపిల్ చివరి బిట్ వచ్చి ఈ శాంపిల్ మొదటి బిట్ స్థానంలో కూర్చుంటుంది. ప్లస్సా మైనస్సా అని చెప్పేదే ఆ మొదటి బిట్. ఇక పాటేం మిగులుతుంది?

బాబూ, ఇది నీకు. అసలు శబ్దమే రాకపోతే ఆడియో చిప్‌ని నడిపించే మాస్టర్ క్లాక్‌ని అనుమానించమనేవాణ్ని. 44,100 ఫైల్ 48,000 మీద ఆడితే గొంతు సన్నబడి పాట పరిగెత్తేది. ఆగి ఆగి టిక్కు టిక్కుమంటే డీఎంఏ బఫర్ (పాట ముక్కలు పంపేముందు దాచే చోటు) సమయానికి నిండట్లేదని అర్థం. నీ లక్షణాలు ఇవేవీ కావు. ఆ చిప్‌లో 06 నంబరు రిజిస్టర్ (సెట్టింగు గడి) చూడు, ఐ2సీ అనే సెట్టింగుల దారి మీద దానికి 04, అంటే ఐ2ఎస్ పద్ధతి, రాశావో లేదో. ఎడమ, కుడి కూడా తారుమారయ్యాయేమో విను. అయితే దొంగ దొరికినట్టే.

అయ్యా, ఇప్పుడు మీతో. లక్షన్నర కట్టడానికి సిద్ధపడ్డ మీరు ఈ మూడు వారాల్లో ఒక్కసారైనా వాడి పక్కన కూర్చుని "ఏంట్రా ఆ శబ్దం?" అని అడిగారా? తోడల్లుడి కొడుకు ప్యాకేజీ మీకు తెలుసు, సొంత కొడుకు చేస్తున్న పని తెలియదు. ఇది నాకు బాధగా ఉంది, అందుకే గట్టిగా అంటున్నాను.

వీఎల్ఎస్ఐ చెడ్డదని అనను, మంచి రంగం. నా అనుమానమల్లా ఆ కోర్సుల మీదే. 2021 డిసెంబర్లో కేంద్రం 76,000 కోట్ల సెమీకండక్టర్ పథకం ప్రకటించాక ప్రతి తల్లిదండ్రుల నోటా ఇదే మాట. కానీ ఫ్యాక్టరీలో చిప్పులు తయారుచేసే ఉద్యోగం వేరు, ఈ కోర్సుల్లో నేర్పే వెరిఫికేషన్ (డిజైన్ సరిగ్గా ఉందో పరీక్షించే) పని వేరు. కోర్సు పూర్తిచేసి నా దగ్గరికి వచ్చిన పిల్లల్ని కాగితం మీద ఏ సిగ్నల్ ఎప్పుడు మారుతుందో చూపే ఒక టైమింగ్ బొమ్మ గీయమంటే చేతులు ఆగిపోవడం నేను చాలాసార్లు చూశాను. సిలబస్ అంతా నోటికి వచ్చు, ఒక సిగ్నల్ తప్పు దారి పట్టడం మాత్రం ఎప్పుడూ చూడలేదు. మీ వాడు దాన్నే మూడు వారాలుగా చూస్తున్నాడు. పైగా రేపు వాడి మనసు వీఎల్ఎస్ఐ వైపు తిరిగినా నష్టం లేదు, ఇవే మూడు వైర్లను వెరిలాగ్ అనే డిజైన్ భాషలో రాసి ఎఫ్‌పీజీఏ (మనకు కావలసిన సర్క్యూట్‌గా మార్చుకోగల చిప్) మీద నడిపితే అదే మంచి ప్రాజెక్టు.

ఎంబెడెడ్‌లో మొదటి జీతం సాఫ్ట్‌వేర్ వాళ్లకంటే తక్కువ ఉండొచ్చు, దాచను. ఇయర్‌బడ్స్, కారు ఆడియో, స్మార్ట్ స్పీకర్లు, అన్నింటిలోనూ ఈ పనే. తర్వాతి మెట్టు లినక్స్‌లో శబ్దం సంగతి చూసే ఆల్సా డ్రైవర్లు, అది నాలుగో సంవత్సరంలో మొదలుపెడితే చాలు.

శనివారం అడ్వాన్స్ కట్టకండి. వెయ్యి రూపాయలకు అటూ ఇటూగా వైర్ల మీది సిగ్నల్స్‌ని కంప్యూటర్‌లో చూపించే ఎనిమిది చానళ్ల లాజిక్ అనలైజర్ దొరుకుతుంది, అది కొనివ్వండి. 24 మెగాహెర్ట్జ్‌ది బిట్ క్లాక్ చూడటానికి సరిపోతుంది. 12.288 మెగాహెర్ట్జ్ మాస్టర్ క్లాక్ మాత్రం దానికి సరిగ్గా అందదు బాబూ, దానికి కాలేజీ ల్యాబ్‌లో ఆసిలోస్కోప్ అడుగు. పాట శుభ్రంగా వచ్చిన రోజు హెడ్‌ఫోన్స్ ముందు మీ నాన్నగారి చెవికి పెట్టు.