తోట, అక్క భాగం, పెళ్లి: ముందు ఏది?

తమ్ముడూ, బెంగళూరు ఉద్యోగం వదిలి బంగారుపాళ్యం తిరిగొచ్చావు. నాన్న పోయాక ఆయన తోతాపురి మామిడి తోట నిలబెట్టాలంటున్నావు. అక్క భాగం అడుగుతోంది, నువ్వు ప్రేమించిన పిల్ల ఇంట్లోవాళ్లేమో "ముందు తోట సంగతి తేలనీ" అంటున్నారు. ఇదే కదా చిక్కు?

ముందు అక్క దగ్గరికి పో. నాన్న సొంతంగా కొన్న నేలై, వీలునామా లేకుంటే అమ్మకీ అక్కకీ నీకూ సమాన భాగాలు. తాతల నాటిదైతే 2005 సవరణతో కూతురికీ పుట్టుకతోనే హక్కు. 2020లో సుప్రీంకోర్టూ అదే తేల్చింది. "పెళ్లప్పుడు పెట్టాం కదా" అనే మాట మాత్రం నోట్లోంచి రానీకు. మేం అన్నాం, మా చెల్లెలు రెండు సంక్రాంతులు గడప తొక్కలేదు.

ఈసీ (నేల మీద ఉన్న తాకట్లూ, రిజిస్ట్రేషన్లూ చూపే కాయితం) తీయించి, 1బీ, అడంగల్ (నేల ఎవరిదో, ఎవరు సాగుచేస్తున్నారో చూపే రెవెన్యూ రికార్డులు) సరిచూసుకుని, భాగపరిష్కారం రిజిస్టర్ చేయించు. అక్క భాగం నువ్వే కొంటానంటే వాయిదాలు చిన్నవి పెట్టుకో. తోతాపురి ఎక్కువగా గుజ్జు ఫ్యాక్టరీలకే పోతుంది, ధర పడిన ఏడు కోతకూలీ కూడా రాదు. కొన్ని ముదురు చెట్ల కొమ్మలు నరికించి, కొత్త చిగుళ్లకు బేనీషా (బంగినపల్లి) అంటు కట్టించు.

ఇక పిల్ల వాళ్ల నాన్నని జూన్‌లో తోటకే పిలువు, కాయ చెట్టు మీదుండగా. భాగాల కాయితం, అప్పుల లెక్క రెండూ ఆయన చేతిలో పెట్టు.