కిట్‌లో అలాక్లోర్ ఉంది, ల్యాబ్‌లో లేదు: ఏది నమ్మాలి?

ప్రశ్న: మొక్కజొన్నలో అలాక్లోర్ అనే కలుపు మందు మానేసి రెండేళ్లయింది. బోరు నీటిని ఎలీసా కిట్‌తో (యాంటీబాడీలతో, రంగు మార్పును బట్టి చూసే పరీక్ష) చూస్తే 1.2 పీపీబీ (లీటరుకు 1.2 మైక్రోగ్రాములు) అలాక్లోర్ అని వచ్చింది. అదే నీటిని ల్యాబ్‌లో గ్యాస్ క్రొమటోగ్రఫీ (పదార్థాలను ఆవిరి చేసి వేరుచేసే పరీక్ష) చేయిస్తే లేదన్నారు. ఏది తప్పు?

జవాబు: రెండూ సరైనవే అయ్యుండొచ్చు. నీటిలో ఉన్నది అలాక్లోర్ కాదు, అది నేలలో మారగా మిగిలిన ఇథేన్ సల్ఫోనిక్ ఆమ్లం అని నా అనుమానం. దీన్ని ఈఎస్‌ఏ అంటారు.

మట్టిలోని సూక్ష్మజీవులు అలాక్లోర్‌లోని క్లోరిన్‌ను తీసేసి, అక్కడ గంధకం ఉన్న భాగాన్ని చేరుస్తాయి. అలా తయారైన ఈఎస్‌ఏ నీటిలో బాగా కరుగుతుంది, మట్టికి అంటుకోదు, వాన నీటితో కిందికి దిగిపోతుంది. అందుకే మందు మానేసిన ఏళ్ల తర్వాతా బోర్లలో కనిపిస్తుంది.

మరి కిట్ దాన్ని అలాక్లోర్ అని ఎందుకు చూపింది? అలాక్లోర్ చాలా చిన్న అణువు. కిట్‌లో మందును పట్టుకునే యాంటీబాడీ తయారు కావాలంటే దాన్ని ప్రొటీన్‌కు అతికించాలి. తొలి కిట్ల కోసం ఆ అతుకును సరిగ్గా క్లోరిన్ ఉన్నచోటే, గంధకంతో వేశారు. దాంతో ఆ యాంటీబాడీ ఈఎస్‌ఏనూ పట్టుకుంటుంది. 1990ల మొదట్లో అమెరికా బావుల నీటిలో ఇలాంటి తప్పుడు పాజిటివ్‌లు వచ్చాకే ఈ సంగతి తేలింది. గ్యాస్ క్రొమటోగ్రఫీదేమో వేరే ఇబ్బంది. ఈఎస్‌ఏ ఆవిరి కాదు కాబట్టి ఆ యంత్రానికి కనిపించదు.

1.2 అన్న అంకెను ఈఎస్‌ఏ మోతాదుగా తీసుకోకండి. కిట్ కరపత్రంలో క్రాస్ రియాక్టివిటీ పట్టిక (అలాక్లోర్‌తో పోలిస్తే వేరే పదార్థాలను కిట్ ఎంత శాతం పట్టుకుంటుందో చెప్పేది) ఉంటుంది. అందులో ఈఎస్‌ఏకు 25 శాతం అని ఉంటే, అసలు మోతాదు సుమారు 4.8 పీపీబీ అన్నమాట.

ఈసారి మోటారు 15 నిమిషాలు వదిలాక, ట్యాంకు నుంచి కాకుండా నేరుగా పైపు దగ్గరే ముదురు గోధుమ రంగు గాజు సీసాలో నీళ్లు పట్టండి. మందు కలిపిన చేతులతో మూత ముట్టుకోవద్దు. సీసాను ఐసులో పెట్టి పంపండి, గడ్డకట్టనివ్వకండి. ల్యాబ్‌ను ‘ఎల్‌సీ-ఎంఎస్‌తో అలాక్లోర్, ఈఎస్‌ఏ, ఆక్సానిలిక్ ఆమ్లం విడివిడిగా చూడండి’ అని రాతపూర్వకంగా అడగండి. ఎల్‌సీ-ఎంఎస్ అంటే ఆవిరి కాని పదార్థాలనూ పట్టే పరీక్ష, ఆక్సానిలిక్ ఆమ్లం అంటే అలాక్లోర్ మారగా వచ్చే మరో పదార్థం.

కిట్ మళ్లీ వాడితే నీటినీ, రసాయనాలనూ గది ఉష్ణోగ్రతకు రానివ్వండి. ప్రతి నమూనాను కిట్ పలకలోని రెండు గుంతల్లో వేయండి, పక్కనే మందులేని శుద్ధ నీటినీ పెట్టండి. ఈ పరీక్షలో రంగు తగ్గితే మందు ఎక్కువని అర్థం. చాలామంది తిరగేసి చదువుతారు. కడగడం సరిగా లేకపోతే రంగు పెరిగి, ఉన్న మందు కూడా లేనట్టు కనిపిస్తుంది.

ఫలితం వచ్చేదాకా తాగడానికి వేరే నీళ్లు వాడుకోండి. కాచినా ఈఎస్‌ఏ పోదు, నీరు ఇగిరిన కొద్దీ చిక్కబడుతుంది.