ఏథెన్స్ జ్యూరీని కొనగలిగేవారా?

ప్రశ్న: ప్రాచీన ఏథెన్స్‌లో మామూలు పౌరులే తీర్పు చెప్పేవారట. డబ్బున్నవాళ్లు వాళ్లను కొనేయలేరా?

జవాబు: కొనాలంటే ఎవరిని కొనాలో ముందే తెలియాలి కదా! క్రీ.పూ. 4వ శతాబ్దంలో ఆ వీలు లేకుండా చేశారు. విచారణ రోజు పొద్దున్నే వచ్చినవాళ్ల పేర్ల బిళ్లలను, గాడులు తొలిచిన రాతిపలకలో వరసలుగా గుచ్చేవారు. పక్క గొట్టంలోంచి తెల్ల గోళీ పడితే ఆ వరసంతా జ్యూరీలోకి, నల్లది పడితే వరసంతా ఇంటికి. ఎవరు ఏ కోర్టుకన్నదీ లాటరీయే. చిన్న సివిల్ దావాకు 201 మంది, రాజ్యానికి సంబంధించిన కేసుకు సాధారణంగా 501 మంది. అంతమందిని ఆ కాస్త వ్యవధిలో పట్టడం ఎవరి తరం?

ఓటుకు ఒక్కొక్కరికి రెండు కంచు బిళ్లలు. నడిమి ఇరుసు బోలుగా ఉన్నది ఫిర్యాదికి, గట్టిగా ఉన్నది ప్రతివాదికి. ఇరుసు కొసలను వేళ్లతో మూసి పట్టుకుంటే ఏది వేశారో పక్కవాడికి తెలియదు. ఓట్లు సమానమైతే ప్రతివాదే గెలిచినట్టు.

అసలు లోపం వేరే ఉంది. జ్యూరీ తమలో తాము చర్చించుకోదు, వాదనలు వినగానే ఓటే. మాటకారి మెప్పిస్తే అంతే సంగతులు. పైగా స్త్రీలకు, బానిసలకు, విదేశీయులకు జ్యూరీలో చోటే లేదు.