పాత పూసలతో నగలు చేసే అమ్మాయికి బీటెక్కా, డిజైన్ కోర్సా?

ప్రశ్న: మాది పాలకొల్లు దగ్గర పల్లెటూరు. అమ్మాయి ఇంటర్ ఎంపీసీ పూర్తిచేసింది. తెగిన పూసల దండలు, ఆగిపోయిన చేతి గడియారాలు, వాళ్ల నానమ్మ పట్టుచీర అంచులు పెట్టి దిద్దులు, గొలుసులు చేసి ఇన్‌స్టాగ్రామ్‌లో అమ్ముతోంది. ఎంసెట్‌లో మంచి ర్యాంకు రాలేదని ఆ సామాను పెట్టె అటకెక్కించాను. బీటెక్ వద్దు, జ్యువెలరీ డిజైన్ చదువుతానంటోంది. బీటెక్, డిజైన్ డిగ్రీ, ఈ వ్యాపారం, మూడూ పోల్చి చెప్పండి. రేపు సంబంధాలు వస్తే మా పిల్ల పూసలు గుచ్చుతుందని ఎలా చెప్పుకోవాలి?

జవాబు: సార్, మీ ఉత్తరంలో అసలు ప్రశ్న చివరి వాక్యమే. బేకింగ్ అనో, ఫొటోగ్రఫీ అనో పేరు మారుతుంది కానీ ఇలా రాసే తల్లిదండ్రులందరి భయం ఒకటే, నలుగురిలో ఏం చెప్పుకోవాలి అని. మీ అమ్మాయి తన చేత్తో చేసింది ముక్కూమొహం తెలియనివాళ్లు డబ్బిచ్చి కొంటున్నారు. బీటెక్ చివరి సంవత్సరంలో నా దగ్గరికి వచ్చే పిల్లల్లో చాలామందికి ఆ అనుభవం ఒక్కసారి కూడా ఉండదు. సంబంధాలవాళ్లకు అదే చెప్పండి, తలొంచుకోవాల్సిన పనేం లేదు.

ఇంకో మాట, కోపం తెచ్చుకోకండి. ర్యాంకు తగ్గడానికి ఆ పెట్టే కారణమని మీకెవరు చెప్పారు? పద్దెనిమిదేళ్ల పిల్ల సంపాదించుకుంటున్న సాధనాలను అటకెక్కించి, ఇప్పుడు ఆమె భవిష్యత్తు గురించి నన్ను అడుగుతున్నారు. ముందు ఆ పెట్టె దించండి. ఈ ఉత్తరం రాసేముందు ఒక్క జత దిద్దులైనా చేతిలోకి తీసుకుని చూశారా? నెలకు ఎంత మిగులుతోందో అడిగారా? అమ్ముతోందని రాశారు గానీ అంకె ఒక్కటీ లేదు.

అలాగని అమ్మాయి అడిగిందానికి సరే అనమనడం లేదు. డిజైన్ డిగ్రీ మీద నాకు గట్టి అనుమానాలున్నాయి. ఈమధ్య క్రాఫ్ట్ చేసే ప్రతి పిల్లా డిజైన్ అంటోంది. మంచి సంస్థలు లేవని కాదు, హైదరాబాద్ నిఫ్ట్ లాంటివి ఉన్నాయి, కానీ ఫీజూ హాస్టలూ కలిపితే లక్షల్లో మాట. పైగా అక్కడ నేర్పేది ఎక్కువగా కంపెనీల్లో ఉద్యోగానికి పనికొచ్చే డిజైన్, కంప్యూటర్ మీద గీసిన నమూనాను వందల్లో తీయించే పని. మీ అమ్మాయిది దానికి పూర్తిగా తలకిందులు. నానమ్మ దండలో పూసలు అయిపోతే మళ్లీ తెప్పించే దారి లేదు. ఇన్‌స్టాలో ఒకటి నచ్చగానే నలుగురు "ఇదే నాకూ కావాలి" అంటారు, ఆమె దగ్గర అది ఒక్కటే ఉంటుంది. ప్రతి వస్తువుకీ విడిగా ఫొటో, విడిగా కొలత, విడిగా ధర. జత దిద్దులు నూటయాభైకి అమ్మింది అనుకుందాం, హుక్కులు, డబ్బా, కొరియర్ పోను డెబ్బై మిగిలి, దాని వెనక రెండు గంటల పని ఉంటే గంటకు ముప్పయ్యైదు రూపాయలు. ఈ లెక్క వేసుకోకుండా ఫాలోవర్లను చూసి మురిసిపోతే రెండేళ్లకే విసుగొస్తుంది. పక్కనే నరసాపురం లేసు చూడండి, ఇన్ని తరాల పనితనం, 2024లో జీఐ గుర్తింపు, అంటే ఆ ప్రాంతపు సరుకుకే ఆ పేరు చెల్లుతుందనే ముద్ర కూడా వచ్చింది, అయినా అల్లిన ఆడవాళ్ల చేతికి వచ్చింది కూలే, ధర కట్టినవాళ్లు వేరే. మీ అమ్మాయి ధర కట్టడం తనే నేర్చుకోవాలి.

కాబట్టి దగ్గర్లో బీకామ్ గానీ తనకు ఇష్టమైన ఏ డిగ్రీ గానీ చేరనివ్వండి. బీటెక్ ఇష్టంగా చదువుతానంటే సరే, ఇష్టం లేకుండా మేనేజ్‌మెంట్ సీటు కొనకండి. సెలవుల్లో, సాయంత్రాల్లో ఊళ్లో నమ్మకస్తులైన కంసాలి గారి దగ్గర కూర్చోబెట్టండి. వెలిగారం అద్ది టంకం పెట్టడం, కట్టు తెగకుండా రాయి పొదగడం వీడియోలు చూస్తే చేతికి రావు. వీలైతే ఒకసారి మచిలీపట్నం తీసుకెళ్లి చిలకలపూడి పూతపని చూపించండి. బంగారం కాని నగలు చేసే ఊరు పేరు తెలుగునాట అందరికీ తెలుసు, మీరు సిగ్గుపడుతున్న పనికి అంత చరిత్ర ఉంది.

సరుకు విషయంలో మాత్రం అమ్మాయితో గట్టిగా చెప్పండి. పాత భోషాణాల్లో దంతపు దువ్వెనలు, భరిణెలు దొరుకుతాయి, ఎంత పాతవైనా వాటితో నగలు చేసి అమ్మకూడదు, 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం కింద నేరం. వందేళ్లు దాటిన నాణేలు, నగలు విదేశీ కొనుగోలుదారు అడిగినా పంపకూడదు, దానికి వేరే చట్టం ఉంది. చీకట్లో మెరిసే పూత ఉన్న చాలా పాత గడియారాల డయల్ అసలు గీకనివ్వకండి, ఒకప్పుడు ఆ పూతలో రేడియం వాడేవారు, ఆ పొడి ఒంట్లోకి పోతే ప్రమాదం. చవక హుక్కుల్లో నికెల్ ఉంటే అది పడనివాళ్లకు చెవులు దురదపెట్టి పుండ్లు పడతాయి, అక్కడ వెండి వాడమనండి, నాలుగు రూపాయలు ఎక్కువైనా.

లోన్ గురించి ఇప్పుడే ఆలోచించకండి. ఒక ఏడాదిపాటు కొన్నదీ, అమ్మిందీ, పట్టిన గంటలూ నోట్‌బుక్‌లో రాయమనండి. ఏడాది చివర ఆ పుస్తకం మీరూ చూడండి, అప్పటికీ డిజైన్ డిగ్రీ కావాలంటే ఆ అంకెలతో మళ్లీ రాయండి, అప్పుడు ఫీజు సంగతి మాట్లాడదాం.